హలీం: పుట్టిల్లు, మెట్టినిల్లు

రంజాన్ మాసం రాగానే మన నాగోల్, దిల్‌సుఖ్‌నగర్ రోడ్ల పక్కన హలీం బట్టీలు వెలుస్తాయి. అరబ్బుల వంటకం హైదరాబాద్‌ది ఎలా అవుతుందని కొందరు మిత్రులు వాదిస్తుంటారు.

పుట్టిల్లు అరబ్బులదే, సందేహం లేదు. గోధుమలు, మాంసం కలిపి ఉడికించి మెదిపే ‘హరీస్’ గురించి 10వ శతాబ్దపు బాగ్దాద్ వంటల గ్రంథంలోనే ఉంది. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బులు దానిని ఇక్కడికి తెచ్చారు. వారి వారసులు నివసించే బార్కస్‌లో ఆ హరీస్ నేటికీ దొరుకుతుంది; అందులో మసాలా తక్కువ. నగరంలోని వంటవారు దానికి పప్పులు, మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు చేర్చి కొత్త రుచి తెచ్చారు. 1956లో మదీనా హోటల్ వారు అమ్మకానికి పెట్టాక అది సామాన్యునికీ అందింది.

2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి మాంసాహార వంటకం ఇదే. మేక మాంసం, స్వచ్ఛమైన నెయ్యి, రాగి పాత్ర, కట్టెల మంట, సుమారు 12 గంటల వంట అందులోని నియమాలు. అంటే గౌరవం దక్కింది పుట్టుకకు కాదు, పనితనానికి. కనుక అరబ్బుల నుంచి వచ్చిందని హలీంను పరాయిది అనడం న్యాయం కాదు. కుక్కర్‌లో గంటలో దించి ఆ పేరుతో అమ్మితేనే మనం అభ్యంతరం చెప్పాలి.