బీసైడ్స్

సైబర్ భద్రత రంగంలోనివాళ్లు స్వచ్ఛందంగా నడుపుకునే సదస్సులకున్న ‘బీసైడ్స్’ అనే పేరు గ్రామఫోన్ రికార్డు నుంచి వచ్చింది. బాగా ఆడుతుందనుకున్న పాటను ఏ సైడ్‌లో వేసేవారు. రెండోది వెనకవైపు, బీ సైడ్‌కు వెళ్లేది. 2009లో లాస్ వెగాస్‌లో జరిగే ‘బ్లాక్ హ్యాట్’ అనే సైబర్ భద్రత సదస్సుకు ప్రసంగ ప్రతిపాదనలు వెల్లువెత్తాయి. చోటు చాలక మంచివి కూడా ఎన్నో తిరిగొచ్చాయి. వాటికి వేదికగా అదే ఊళ్లో, అదే వారంలో తొలి బీసైడ్స్ జరిగింది. ఇప్పుడు బెంగళూరు, అహ్మదాబాద్‌లలోనూ ఆ పేరుతో సదస్సులున్నాయి.

ఇలాంటి సదస్సులకు ప్రసంగాలను ఆహ్వానించే ప్రకటనను ‘సీఎఫ్‌పీ’ అంటారు. శీర్షిక, సారాంశం, వక్త పరిచయం పంపాలి. అన్నిటికీ సారాంశమే ప్రాణం. ‘క్లౌడ్ భద్రత’ అని ఊరుకుంటే ఏమీ తేలదు. ఏ లోపం దొరికింది, ఎలా బయటపడింది, విన్నవాళ్లు మర్నాడు ఆఫీసులో ఏం సరిచేసుకోవచ్చు అన్నవి రాస్తేనే ఎంపిక చేసేవాళ్లకు విషయం అందుతుంది. కొన్నిచోట్ల వక్త పేరు చూడకుండానే పరిశీలిస్తారు. ఇది ఎంతో న్యాయమైన పద్ధతి. లాస్ వెగాస్ బీసైడ్స్‌లో తొలిసారి మాట్లాడేవారికోసం ‘ప్రూవింగ్ గ్రౌండ్’ అనే విభాగముంది. అందులో ఒక్కో కొత్త వక్తకు ఒక అనుభవజ్ఞుడిని జతచేస్తారు.