ఎస్-నైట్రోసైలేషన్

ఎస్-నైట్రోసైలేషన్ అనేది జీవకణాలలో నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావం వలన ప్రొటీన్లలో (మాంసకృత్తులలో) జరిగే ఒక రసాయనిక మార్పు. ప్రొటీనులోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో ఉండే గంధకపు పరమాణువుకు నైట్రిక్ ఆక్సైడ్ సమూహం చేరడాన్ని ఈ పేరుతో వ్యవహరిస్తారు. పేరులోని "ఎస్" గంధకానికి రసాయన సంకేతం. ఈ చేరిక వలన ప్రొటీను చురుకుదనం పెరగవచ్చు, తగ్గవచ్చు, లేదా పూర్తిగా ఆగిపోవచ్చు. మనిషి రక్తప్రసరణ మొదలుకొని మెట్ట పైరు వర్షాభావాన్ని తట్టుకోవడం వరకు అనేక జీవనక్రియలలో దీనికి పాత్ర ఉంది.

నైట్రిక్ ఆక్సైడ్

ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు కలిసి ఏర్పడే వాయువు ఇది. మెరుపుల వలన, వాహనాల పొగ వలన గాలిలో చేరుతుంది. జంతువుల శరీరంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుండి నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైము దీనిని తయారు చేస్తుంది. మొక్కలలో నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దీనికి ముఖ్యమైన ఆధారం. ఈ వాయువు కణత్వచం గుండా సులభంగా చొచ్చుకుపోతుంది, కొద్ది సెకన్లలోనే నశిస్తుంది. అందువలన దగ్గరి కణాలకు సంకేతం అందించడానికి అనువైనది.

చరిత్ర

రక్తనాళాల లోపలి పొర నుండి నాళాన్ని సడలించే పదార్థం వెలువడుతుందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపాడు. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడేనని తరువాత తేలింది. ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ప్రొటీన్ల ఎస్-నైట్రోసైలేషన్‌ను 1992లో జొనాథన్ స్టామ్లర్, అతని సహచరులు వివరించారు. ఇలా మారిన ప్రొటీన్లను గుర్తించడానికి 2001లో సామీ జాఫ్రీ, సోలమన్ స్నైడర్‌లు "బయోటిన్ స్విచ్" అనే పద్ధతిని రూపొందించారు.

జరిగే విధానం

నైట్రిక్ ఆక్సైడ్ సాధారణంగా నేరుగా గంధకంతో కలవదు. ముందుగా ఆమ్లజనితోనో, లోహ అయానులతోనో చర్య జరిపి, లేదా గ్లూటాథయోన్ అనే చిన్న అణువు మీదుగా సిస్టీన్‌ను చేరుతుంది. ప్రొటీనులోని ప్రతి సిస్టీన్‌కూ ఈ మార్పు జరగదు. చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలను బట్టి, నైట్రిక్ ఆక్సైడ్ పుట్టే చోటికి గల దూరాన్ని బట్టి కొన్నింటికే జరుగుతుంది. థయోరెడాక్సిన్ వంటి ప్రొటీన్లు ఈ సమూహాన్ని తిరిగి తొలగిస్తాయి. కనుక ఇది వేసి తీయగల గడియ వంటిది.

మానవ శరీరంలో

కణం తనంతట తాను మరణించే ప్రక్రియలో పాల్గొనే కాస్పేజ్-3 ఎంజైమును ఈ మార్పు అణచి ఉంచుతుంది. మెదడులోని పార్కిన్ అనే ప్రొటీను పార్కిన్సన్ వ్యాధిలో అధికంగా నైట్రోసైలేషన్‌కు లోనవుతుందని 2004లో వెల్లడైంది. మితంగా ఉన్నపుడు మేలు చేసే సంకేతమే మితిమీరినపుడు హాని చేస్తుందనడానికి ఇది ఉదాహరణ.

మొక్కలలో

నేలలో తేమ తగ్గినపుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. దాని ప్రభావంతో పత్రరంధ్రాలకు ఇరువైపులా ఉన్న రక్షక కణాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, కాల్షియం పెరుగుతాయి. పొటాషియం, క్లోరైడు వంటి అయానులు బయటకు పోయి, కణాలు బిగువు కోల్పోయి రంధ్రం మూసుకుంటుంది.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర బృందం బఠాణీ ఆకుల పైపొరపై ఈ సంఘటనల వరుసను పరిశీలించింది. అబ్సిసిక్ ఆమ్లం ఇచ్చినపుడు మొదట రక్షక కణాల లోపల క్షారత పెరుగుతుందని, ఆ తరువాతనే నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుందని 2008లో ప్రకటించింది.

2015లో అరబిడాప్సిస్ మొక్కపై జరిగిన పరిశోధనలో మరొక సంగతి తెలిసింది. రంధ్రాన్ని మూయించే ఓఎస్‌టి1 అనే ఎంజైములోని 137వ సిస్టీన్‌పై నైట్రోసైలేషన్ జరిగితే ఆ ఎంజైము పని ఆగిపోతుంది. అంటే సంకేతాన్ని ముందుకు నడిపే నైట్రిక్ ఆక్సైడే దానికి కళ్ళెం కూడా వేస్తుంది.

మెట్ట సేద్యంతో సంబంధం

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో వర్షాధారపు చలక నేలలు విస్తారం. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ రాష్ట్రంలో తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. ఇక్కడి వేరుశనగ, ఆముదం, కంది, జొన్న పైర్లకు రెండు వానల మధ్య ఎడమే పెద్ద పరీక్ష. పత్రరంధ్రాలు మూసుకుంటే నీరు మిగులుతుంది. అయితే బొగ్గుపులుసు వాయువు లోనికి రాక పిండిపదార్థాల తయారీ తగ్గి, దిగుబడి కూడా పడిపోతుంది. ఎక్కువ సేపు మూసినా, ఆలస్యంగా మూసినా నష్టమే. ఈ సమతూకాన్ని నిర్ణయించే అంశాలలో ఎస్-నైట్రోసైలేషన్ ఒకటి కనుక బెట్టను తట్టుకునే వంగడాలపై ఆసక్తి గలవారికి ఈ విషయం ముఖ్యమైనది.

ఇవి కూడా చూడండి

- నత్రజని
- సిస్టీన్
- పత్రరంధ్రం
- అబ్సిసిక్ ఆమ్లం