వాష్ చిత్రంలో చలనం

నీటిరంగులు, సిరా వాష్‌లలో (పలుచని పూతలలో) కదలిక చాలావరకు కాగితం తడిమీద ఆధారపడుతుంది. తడిపై పెట్టిన రంగు అంచు కరిగి పారుతుంది. పొడి కాగితంపై, నీళ్లు పిండేసిన కుంచెను చురుగ్గా లాగితే గీత చీలి మధ్యలో తెలుపు మెరుస్తుంది. పరుగెత్తే గుర్రానికి మెడ గీత గట్టిగా ఉంచి, డెక్కల దగ్గర అంచును చెదరనిస్తారు. మళ్లీ దిద్దితే ఊపు చచ్చిపోతుంది.

1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుడు యోకొయామా తైకాన్ ప్రభావంతో అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్‌ను తన శైలిలో కలుపుకున్నారు. మహబూబాబాద్ ప్రాంతపు పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) శాంతినికేతన్‌లో అవనీంద్రనాథ్ శిష్యుడైన నందలాల్ బోస్ వద్ద నేర్చుకుని, తర్వాత హైదరాబాద్‌లో చిత్రకళ బోధించారు. కాకతీయ శిల్పాన్నీ ఆయన శ్రద్ధగా పరిశీలించారు. ఆ కాకతీయుల కాలపు రామప్ప గుడిలోని మదనికల (స్త్రీ శిల్పాల) ఒంటి వంపులు రాతిలోనూ కదలిక పట్టవచ్చని చూపుతాయి.