నిబంధన మార్చే అధికారం ఎవరిది? భద్రాచలం మన్యంలో వన సంరక్షణ సమితి, గ్రామసభ

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గూడేల్లో వన సంరక్షణ సమితులకూ గ్రామసభలకూ మధ్య ఉన్న పేచీని చాలామంది అటవీశాఖకూ ఆదివాసులకూ మధ్య భూమి తగాదాగానే చూస్తారు. భూమి అందులో ఉంది, కాదనలేం. అయితే పేచీ మూలం ఇంకొకటి: అడవికి కాపలా కాసే జనానికి తమ సంఘం నిబంధనలు మార్చుకునే అధికారం లేకపోవడం. కేంద్రం 1990లో ఇచ్చిన సర్క్యులర్‌ను అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1992లో ఈ సమితులకు రూపమిచ్చింది. ఇంటికి ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు మహిళ అన్న నిబంధన ఆనాటికి నిజంగా పెద్ద ముందడుగు. 2002లో ప్రపంచ బ్యాంకు రుణంతో కమ్యూనిటీ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ పథకం వచ్చాక నిబంధనలు మళ్లీ మారాయి. మంచివైనా చెడ్డవైనా మార్పులన్నీ జీవోలుగా హైదరాబాద్ నుంచి దిగినవే.

2006 అటవీ హక్కుల చట్టం ఈ వరసను తలకిందులు చేసింది. అడవిని కాపాడే అధికారాన్ని 5వ సెక్షన్ గ్రామసభకు అప్పగించింది. అందుకు కావలసిన కమిటీని గ్రామసభే వేసుకోవాలని నిబంధనలు చెప్పాయి. అయినా ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కుల పత్రాలు చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేరిటే వెలువడ్డాయి. చట్టం అమలును పరిశీలించిన ఎన్.సి. సక్సేనా కమిటీ 2010లోనే ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఇది కాగితం మీద పేరు తేడా మాత్రమే కాదు. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోయి, తునికాకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పజెప్పే కోయ మహిళకు గ్రామసభలో తన ఓటు చట్టం ఇచ్చిన హక్కు. సమితిలో ఆమె సభ్యత్వం ఒక ఉత్తర్వు ఇచ్చినది, మరో ఉత్తర్వు తీసేయగలిగినది.

ఏళ్ల తరబడి గస్తీ తిరిగి అడవిని నిలబెట్టిన సమితులను పక్కకు నెట్టడం అన్యాయమనే వాదన ఉంది. అందులో న్యాయముంది, ఆ శ్రమను తక్కువ చేయకూడదు. కానీ సమితిలో ఉన్నవాళ్లూ గ్రామసభలో ఉన్నవాళ్లూ ఆ ఊరివాళ్లే. గ్రామసభ తీర్మానం చేసి ఆ అనుభవజ్ఞులనే తన కమిటీలోకి తీసుకోవచ్చు. మారేది వారు ఎవరికి జవాబు చెప్పాలన్నదే. పోడు పనుల్లో, తునికాకు సీజన్‌లో గ్రామసభకు కోరం దొరకదన్న అభ్యంతరం ఇంకా గట్టిది. మూడింట రెండొంతుల కోరాన్ని అటవీ హక్కుల నిబంధనల 2012 సవరణ సగానికి తగ్గించింది, హాజరైనవారిలో మూడోవంతు మహిళలు ఉండాలంది. సవరణ మేలైనదే, కానీ అదీ ఢిల్లీలో జరిగిందే. ఉమ్మడి వనరులపై పరిశోధనకు 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గుర్తించింది ఈ లోటునే: నిబంధనకు కట్టుబడాల్సినవారికి దాన్ని మార్చడంలో పాలు ఉన్నచోటే ఇలాంటి సంఘాలు ఎక్కువకాలం నిలుస్తాయి.

అసలు చిక్కు సభ్యత్వం దగ్గరుంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింసకు ఊళ్లు వదిలి వచ్చిన గుత్తికోయలు ఈ అడవుల్లోనే బతుకుతున్నారు. స్థానిక కోయలు తమ వాటా తగ్గుతుందని భయపడటం సహజం. ఆ భయాన్ని అడ్డం పెట్టి నిర్ణయాన్ని మళ్లీ అటవీశాఖ రేంజ్ ఆఫీసు చేతికివ్వడం మాత్రం పరిష్కారం కాదు. చట్టపరమైన హక్కు ఎవరికన్నది చట్టమే తేల్చాలి. గస్తీ వంతులు, వంటచెరకు, ఇప్పపువ్వు ఏరుకునే చోట్ల గురించిన కట్టుబాట్లను మాత్రం గుత్తికోయలను కూడా కూర్చోబెట్టి గ్రామసభే రాసుకోవాలి, అవసరమైనప్పుడు గ్రామసభే తిరగరాసుకోవాలి.