పత్రిక పిలవకముందే

సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డునున్న భావనపాడుకి, తెలుగు పత్రికలు అచ్చయ్యే ఊళ్లు ఎప్పుడూ దూరమే. మొదట మద్రాసు, తర్వాత విజయవాడ, హైదరాబాదు. ఈ తీరాన కొత్తగా కలం పట్టినవాళ్లు చాలాకాలం చేసిన పని ఒకటే: రాసినదాన్ని టపాలో వేసి, సంపాదకుడి జవాబు కోసం ఎదురుచూడడం. అలా ఎదురుచూడాలా, లేక చేతికందిన సాధనంతో తమ రాతను తామే నలుగురి ముందు పెట్టాలా అన్న ప్రశ్న ఇప్పటిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సాహిత్య చరిత్ర తిరగేస్తే రెండో పద్ధతికే ఎక్కువ బలం కనిపిస్తుంది. కాకపోతే ఆ చరిత్రలోనే దానికి గట్టి అభ్యంతరాలూ ఉన్నాయి.

గిడుగు రామమూర్తి సంగతి ముందు చూద్దాం. 1863లో పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి బడిలో మాస్టరుగా చేరిన మనిషి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలుగులో ఏది రాయదగ్గ భాష అన్నది తేల్చే అధికారం గ్రాంథికవాదుల చేతిలో ఉండేది. జయంతి రామయ్య పంతులు పూనికతో 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ పక్షానికి కోటగా నిలిచింది. జనం మాట్లాడే తెలుగులో గంభీరమైన విషయం రాసి పంపితే, భాష తప్పని తిప్పి పంపగలిగిన రోజులవి. గిడుగు 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను తానే పెట్టి, తన వాదాన్ని తన భాషలోనే అందులో వినిపించారు. అప్పటికి ఆయనకు యాభై అయిదు దాటాయి, కొత్త రచయిత ఎలా అవుతాడని అడగవచ్చు. వయసుకి కొత్త కాదు గానీ, వాడుక భాషలో శాస్త్రచర్చ చేయడం అప్పటికి ఎవరికైనా కొత్తే. ఆ పత్రిక ఎంతోకాలం నడవలేదు. అయినా వ్యావహారికంలో వాదం నడపవచ్చని వాదించి ఒప్పించే పని లేకుండా, నడిపి చూపించింది. గడప దగ్గర నిలబడ్డ సంపాదకుడు ఒక భాషనే లోపలికి రానివ్వనప్పుడు, ఆ భాషవాడు తన ఇల్లు తాను కట్టుకోవడం అహంకారమేమీ కాదు.

సంపాదకుడు లేకపోతే దిద్దేవాడెవరు అన్నది దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం. గురజాడ అప్పారావు రచనాజీవితం చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన మొదట ఇంగ్లీషు కవి. 1883లో అచ్చయిన ‘సారంగధర’ చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, ఎంత బాగా రాసినా అది పరాయి భాషే, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చాడు. ఒక సంపాదకుడు ఒక రచయితకు చేయగల మేలు ఇంతకంటే పెద్దది ఉండదేమో. అయితే ఆ మాట పుట్టడానికి ముందు ఆ కావ్యం అచ్చులోకి వచ్చి ఉండాలి. ఇక ‘కన్యాశుల్కం’ సంగతి. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చువేశారు. ఆ తర్వాత గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమనిపించేలా తిరగరాసి 1909లో మళ్లీ తెచ్చారు. మనం ఇవాళ చదువుతున్నదీ, అందులోని మధురవాణి పాత్ర అంత ఎత్తున నిలిచిందీ ఈ రెండో రూపంలోనే. మొదటి రూపం జనం ముందుకు రాకపోయి ఉంటే రెండోదానికి ఊపిరి ఎక్కడిదీ? ఈయనకు విజయనగరం రాజు ఆనందగజపతి సంస్థానం అండ ఉందనేవారుంటారు. నిజమే, అచ్చుకూ ఆటకూ అది పనికొచ్చింది. పన్నెండేళ్ల తర్వాత అదే నాటకాన్ని తిరగరాసే ఓపిక మాత్రం సంస్థానం ఇచ్చింది కాదు.

గురజాడ డైరీలు కూడా రాశారు, అవీ ఎక్కువగా ఇంగ్లీషులో. ఆయన పోయాక చాలా ఏళ్లకు అవసరాల సూర్యారావు వాటిని తెలుగు పాఠకులకు అందించారు. రోజూ రాసుకుంటే చాలు, ఎవరికీ చూపించనక్కర్లేదు అనేవాళ్లు ఈ డైరీలను ఉదాహరణగా చూపుతుంటారు. వాళ్ల మాట నాకు సగమే నచ్చుతుంది. డైరీ వల్ల చూపు పదునెక్కుతుంది, చేయి ఆగకుండా ఉంటుంది. కానీ ఆ పుటల్లో ఎదుట ఎవరూ లేరు. నాటకం ఆడినప్పుడు నవ్వాల్సిన చోట జనం నవ్వకపోతే వెంటనే తెలిసిపోతుంది. డైరీ రాసేవాడికి ఆ సంగతి ఎన్నేళ్లయినా తెలియదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం కాళీపట్నం రామారావు మాస్టారి నుంచి వస్తుంది. మురపాకలో 1924లో పుట్టిన ఆయన 1940ల నుంచీ పత్రికల్లో కథలు రాశారు. మధ్యలో కొన్నేళ్లు రాయడం ఆపి, తర్వాత 1960లలో పేరొందిన ‘యజ్ఞం’ కథ రాశారు. తొందరపడి అచ్చులోకి రావడం కంటే నోరు మూసుకుని చదువుకోవడం మేలని దీన్ని బట్టి వాదించవచ్చు. ఆ వాదంలో పస ఉంది. కానీ ఆ మౌనం మొదటి మాటకు ముందు వచ్చింది కాదు. రాసి, అచ్చులో చూసుకుని, తన రాతలోని కొరత తనకే తెలిశాక ఎంచుకున్న మౌనం అది. ఏమీ రాయకుండా మొదటినుంచే మౌనంగా ఉన్నవాడికి ఆ ఫలం దక్కుతుందని చెప్పలేం. సొంతంగా ప్రకటించుకునేవాడు ఆయన నుంచి నేర్చుకోవలసింది, ఆగడం కూడా తన చేతిలోనే ఉందని.

అచ్చయినంత మాత్రాన రాత నిలుస్తుందన్న హామీ లేదని రామారావు మాస్టారికే బాగా తెలుసు. అందుకే 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టి, పాత పత్రికల్లో చెల్లాచెదురైన కథలను వెతికించి ఒకచోట చేర్చారు. పెద్ద పత్రికల్లో వచ్చిన కథలకే ఈ గతి పడితే, ఒక్కడు నడుపుకున్న పత్రికకూ, రాతప్రతిగా తిరిగిన కథకూ ఇంకెంత ప్రమాదం? సొంత ప్రచురణకు నేను ఒప్పుకునే అసలు లోపం ఇదే. భావనపాడు వైపు రాసి భద్రపరచుకోవడం ఇప్పుడు మరీ అవసరం. ఒకప్పుడు భావనపాడు పేరుతోనే పిలిచిన ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో మూలపేట దగ్గర శంకుస్థాపన జరిగింది. వలల పేర్లు, గాలుల పేర్లు, వేటకెళ్లే వేళలు, చుట్టరికాలు ఉన్నట్టుండి మారే కాలం ఇది. అక్కడి పాతికేళ్ల కుర్రాడో, అమ్మాయో ఇవన్నీ తమ యాసలో రాసుకుంటే, హైదరాబాదులో ఎవరో ఆ యాసను దిద్ది ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు. రాసింది ఈ నెలే ఊళ్లో చదివించవచ్చు, తప్పు పట్టినవాళ్ల మాట విని వచ్చే ఏడు తిరగరాయవచ్చు. ప్రతి రూపానికీ ఒక కాగితపు ప్రతి తీసి, తేదీ వేసి, భద్రంగా ఉండే చోట ఒకటి పెట్టడం మాత్రం మానకూడదు. 1897 నాటి ప్రతి మిగలబట్టే గురజాడ ఏం మార్చారో మనం ఈనాటికీ పోల్చి చూడగలుగుతున్నాం.