అతుకు లప్పం: గోడెక్కిన తర్వాత గుర్తింపు

జిప్సం బోర్డుల మధ్య సందులను, స్క్రూ తలలను మూసి గోడంతా ఒకే పలక అనిపించేలా చేసే మెత్తని ముద్దే అతుకు లప్పం. దుకాణాల్లో దీన్ని జాయింట్ కాంపౌండ్ పేరుతో అమ్ముతారు. సందు మీద ఒక పొర లప్పం పెట్టి, అందులో కాగితపు టేపో గాజునార జాలీ టేపో అద్ది, ఆపైన మరో రెండు పొరలు వేస్తారు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది రంగు వేస్తారు. పని బాగా కుదిరితే అతుకు ఎక్కడుందో వేసిన మనిషికి కూడా కనిపించదు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏ రకం లప్పం వాడారు, అందులో ఏమేం కలిపారు, ప్రత్యేకమైనది వేయాల్సిన చోట అదే వేశారా అన్న ప్రశ్నలు తర్వాత ఎప్పుడో వస్తాయి. అప్పటికి సంచి చెత్తలోకి పోయి ఉంటుంది, మేస్త్రి వేరే పనికి వెళ్లిపోయి ఉంటాడు.

జగిత్యాల జిల్లా సారంగాపూర్ మండలంలో, చుట్టుపక్కల కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇళ్ల గోడలు ఎక్కువగా ఇటుకవో సిమెంటు దిమ్మెలవో. వాటి మీద సిమెంటు గిలాబు, దానిపైన వైట్ సిమెంట్ లప్పం ఉంటాయి. జిప్సం బోర్డు ఇక్కడ ముఖ్యంగా ఫాల్స్ సీలింగులకు, దుకాణాల అడ్డుగోడలకు వాడుతున్నారు. అయినా ఈ ప్రాంతానికి అతుకు లప్పంతో ఉన్న సంబంధం సొంత ఇంటి కప్పు దగ్గర ఆగిపోదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు దశాబ్దాలుగా సాగుతున్న వలసలో నిర్మాణ కూలీలు, రంగు పనివాళ్లు, సీలింగ్ పనివాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడి కార్యాలయాల్లో, హోటళ్లలో, ఆసుపత్రుల్లో లోపలి గోడలకు జిప్సం బోర్డు మామూలు సరుకు. వాటి అతుకులు నింపి రుద్దే చేతుల్లో ఈ పల్లెల చేతులూ ఉన్నాయి. కాబట్టి లప్పంలో ఏముందో తెలుసుకునే వీలు భవన యజమానికి ఎంత అవసరమో, దాని దుమ్ము పీల్చే మనిషికి అంతకన్నా ఎక్కువ అవసరం.

కూర్పు

అతుకు లప్పాలు రెండు జాతులు. ఆరి గట్టిపడేది ఒకటి. ఇందులో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి. దానికి వినైల్ జాతి బంధకం, నీటిని పట్టి ఉంచే సెల్యులోజ్ ఈథర్, కొంత అభ్రకం, టాల్క్, బంకమట్టి, తేలిక కోసం పెర్లైట్, బూజు పట్టకుండా మందు కలుపుతారు. డబ్బాల్లో తడి ముద్దగా దొరికేది ఇదే. రెండోది రసాయన చర్యతో గట్టిపడేది. జిప్సాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చితే దానిలోని నీరు చాలా భాగం పోయి అర్ధజల రూపం మిగులుతుంది. ఆ పొడికి నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగా మారి బిగుసుకుంటుంది. ఇది సంచుల్లో పొడిగా వస్తుంది.

నిప్పును తట్టుకోవాల్సిన గోడల్లో ఈ తేడా ముఖ్యం. జిప్సం బరువులో దాదాపు 21 శాతం బంధిత నీరే. వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరవుతూ వేడిని తినేస్తుంది కాబట్టి బోర్డు వెనకవైపు చాలాసేపు చల్లగా ఉంటుంది. అలాంటి గోడను పరీక్షించి ఆమోదించేటప్పుడు బోర్డుతో పాటు టేపునూ లప్పాన్నీ కూడా కలిపే పరీక్షిస్తారు. వేసేటప్పుడు చవకైన మరో లప్పంతో సరిపెడితే పైకి ఏమీ తెలియదు.

బోర్డుకు భారత ప్రమాణం ఐఎస్ 2095. అతుకు లప్పానికి ఐరోపాలో ఈఎన్ 13963, అమెరికాలో ఏఎస్‌టీఎం సీ475 ఉన్నాయి. పగుళ్లు, కుంచించుకుపోవడం, టేపును పట్టి ఉంచడం వంటి గుణాలను ఇవి చూస్తాయి.

ఆస్బెస్టాస్ నేర్పిన పాఠం

గుర్తింపు ఇంత అవసరమని ప్రపంచానికి తెలిసింది ఆస్బెస్టాస్ వల్ల. అమెరికాలో దాదాపు 1940ల నుంచి 1970ల దాకా అతుకు లప్పాల్లో క్రిసోటైల్ జాతి ఆస్బెస్టాస్ కలిపేవారు. దాని నారలు ముద్దను జారిపోకుండా నిలబెట్టేవి, ఆరాక పగలనిచ్చేవి కావు. రుద్దినప్పుడు మాత్రం ఆ నారలే గాలిలోకి లేచేవి. న్యూయార్క్‌లో ఇర్వింగ్ సెలికాఫ్ పరిశోధన బృందం 1975లో సైన్స్ పత్రికలో, ఇళ్లలో వాడే ఇలాంటి లప్పాల వల్ల ఆస్బెస్టాస్ శ్వాసలోకి చేరుతున్నదని వివరంగా చూపింది. 1977లో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ పీల్చదగిన ఆస్బెస్టాస్ ఉన్న లప్పాలను నిషేధించింది.

నిషేధం కొత్త డబ్బాలను ఆపింది. అప్పటికే గోడెక్కిన లప్పం అక్కడే ఉండిపోయింది. అది తెల్లగా ఉంటుంది, ఆ తర్వాత వచ్చినదీ తెల్లగానే ఉంటుంది. పైన ఎన్నో పూతల రంగు. గోడ పగలగొట్టబోయే ముందు నమూనా తీసినవారు బోర్డు నడుమ గుచ్చితే ఆస్బెస్టాస్ లేదనే ఫలితం వస్తుంది, ఎందుకంటే లప్పం అతుకుల మీదే ఉంటుంది. బోర్డు, లప్పం కలిపి నూరి కొలిస్తే లప్పంలోని కొద్ది శాతం నారలు పలచబడి, అమెరికా నిబంధనల్లో గీతగా పెట్టుకున్న 1 శాతం కిందికి జారిపోవచ్చు. తయారీలోనే ఆ లప్పానికి ఒక రంగో గుర్తో ఇచ్చి ఉంటే ఇంత తంటా ఉండేది కాదు.

ఈ కథ మనకు దూరం కాదు. భారతదేశంలో క్రిసోటైల్ ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకుల తయారీ ఇంకా సాగుతోంది, తెలంగాణ పల్లెల్లో ఆ రేకుల కప్పులు లెక్కలేనన్ని. రేకును చూడగానే రేకని తెలుస్తుంది, కోసేటప్పుడు జాగ్రత్త పడవచ్చు. లప్పంలో దాగినది అలా కంటపడదు.

ఆస్బెస్టాస్ లేకపోయినా దుమ్ము దుమ్మే. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ 1999లో ప్రచురించిన పత్రంలో, జిప్సం గోడలు రుద్దే పనివాళ్లకు తగిలే దుమ్ము కొన్నిచోట్ల అనుమతించిన హద్దుకు పది రెట్లు ఉన్నట్టు చెప్పింది. ఆ దుమ్ములో అభ్రకం, టాల్క్, సున్నపురాయితో పాటు కొన్ని లప్పాల్లో సిలికా కూడా ఉంటుంది.

రంగుతో గుర్తు

అన్నిటికన్నా తేలికైన పద్ధతి లప్పంలోనే రంగు కలపడం. జర్మనీకి చెందిన క్నాఫ్ సంస్థ యూనిఫ్లాట్ అనే లప్పంలో తేమను తట్టుకునే రకాన్ని ఆకుపచ్చగా తయారుచేస్తుంది. స్నానాల గదులకు వాడే తేమ నిరోధక బోర్డు కాగితం కూడా ఆకుపచ్చే. ఆకుపచ్చ బోర్డుల మధ్య తెల్లని చార కనిపిస్తే పర్యవేక్షకుడికి తప్పు దూరం నుంచే తెలుస్తుంది. సంచి మీద అక్షరాలు అరబ్బీలోనో ఇంగ్లిష్‌లోనో ఉండే చోట, తెలుగు మాత్రమే చదవగలిగిన పనివాడికి రంగును మించిన చీటీ లేదు.

రంగు వల్ల ఇబ్బందులూ ఉన్నాయి. సేంద్రియ రంగులు తడి పెయింటులోకి ఊరి పైకి తేలవచ్చు, సిమెంటు క్షారానికి విరిగిపోవచ్చు. ఐరన్ ఆక్సైడ్ వంటి ఖనిజ రంగులు నిలకడైనవి. ముదురు చారను తెల్లని పెయింటు కింద దాచాలంటే ప్రైమర్ సరిగ్గా పట్టించాలి. ఈ కారణంతోనే మామూలు లప్పాలు తెల్లగానో లేత బూడిదగానో ఉంటాయి.

వేసినప్పుడు గులాబీ రంగులో ఉండి ఆరాక తెల్లబడే లప్పాలు మరో రకం. డీఏపీ సంస్థ డ్రైడెక్స్ ఇలాంటిదే. ఎప్పుడు రుద్దాలో చెప్పడానికి ఆ రంగు పనికొస్తుంది, వేసినది ఏమిటో చెప్పడానికి పనికిరాదు.

ఎక్స్‌రే గదులు, ముగ్గురాయి

అతుకులో ఏముందో తేలడం ప్రాణావసరమయ్యే చోటు ఎక్స్‌రే గది. భారత అణుశక్తి నియంత్రణ మండలి 2001 నాటి భద్రతా నియమావళిలో, కిరణం నేరుగా పడే గోడ కనీసం 35 సెంటీమీటర్ల ఇటుక మందంతో గానీ, దానికి సమానమైన అడ్డుతో గానీ ఉండాలని చెప్పింది. చెదిరిన కిరణాలు పడే గోడకు 23 సెంటీమీటర్లు చాలంది. జిల్లా పట్టణాల్లోని చిన్న ఆసుపత్రుల్లో ఇటుక గోడే ఆ పని చేస్తుంది. పై అంతస్తుల్లో బరువు తగ్గించాలనుకున్నప్పుడు సీసపు రేకు అతికించిన బోర్డులు గానీ, బేరియం సల్ఫేట్ నింపిన జిప్సం బోర్డులు గానీ వాడతారు. క్నాఫ్ సేఫ్‌బోర్డ్ రెండో రకం. లోపలి పదార్థం పసుపు రంగులో ఉండటంతో కోసిన అంచు చూస్తేనే మామూలు బోర్డు కాదని తెలుస్తుంది.

ఇలాంటి గోడలో రెండు బోర్డుల మధ్య సందును మామూలు లప్పంతో నింపితే కిరణం ఆ చీలికలోంచి దాటిపోతుంది. సందులో నింపేదానిలో కూడా బేరియం సల్ఫేట్ ఉండాలి. పెయింటు పడ్డాక రెంటికీ తేడా కంటికి తెలియదు. గది సిద్ధమయ్యాక అవతలి వైపు మీటరు పెట్టి కొలవడం చివరి తనిఖీ. అతుకు రంగు వేరుగా ఉంటే ఆ తప్పు పెయింటు వేయకముందే దొరుకుతుంది, గోడ విప్పే పని తప్పుతుంది.

ఈ బేరియం సల్ఫేట్ ముగ్గురాయి పేరుతో తెలుగు నేలకు బాగా తెలిసిన ఖనిజం. కడప ప్రాంతంలో ఓబులవారిపల్లె మండలం మంగంపేట దగ్గర ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ దాన్ని తవ్వుతోంది. అందులో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వే బురదలోకి పోతుంది. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా సాంద్రత గల ఈ రాతి పొడిని సిమెంటుతో కలిపి ఎక్స్‌రే గదులకు గిలాబుగా కూడా వేస్తారు.

కంటికి అందని గుర్తులు

తెల్లదనం చెడకుండా గుర్తు పెట్టాలంటే అతినీలలోహిత దీపం కింద మెరిసే పదార్థం కలపవచ్చు. 365 నానోమీటర్ల దీపం వేస్తే అతుకులన్నీ వెలుగు చారలుగా బయటపడతాయి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. బట్టల సబ్బుల్లో, తెల్ల కాగితంలో వాడే మెరుపు మందులు నీలంగా మెరుస్తాయి కాబట్టి లప్పం గుర్తు ఎరుపుగానో ఆకుపచ్చగానో మెరవాలి. రెండోది ఇంకా కీలకం. తెల్ల పెయింటులోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిని మింగేస్తుంది. రంగు పడ్డాక దీపం ఎంత చూపినా ప్రయోజనం లేదు, గీకి చూడాల్సిందే.

పెయింటును దాటి చూడగలిగేది చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం. లప్పంలో అరుదైన భారమూలకాన్ని కొద్దిగా కలిపి ఉంటే పైనుంచే పసిగడుతుంది. ఏ మూలకమన్నదే ప్రశ్న. బేరియం సల్ఫేట్ పెయింటుల్లోనూ నింపుడు పొడిగా పడుతుంది, స్ట్రాన్షియం జిప్సం రాతిలో సహజంగానే ఉంటుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన ఫలానా లప్పమని తేల్చడం సరికాదు. రెండు మూడు అరుదైన మూలకాలను నిర్ణీత పాళ్లలో కలిపితే నమ్మదగ్గ గుర్తవుతుంది.

ఇంకో దారి పొరలు పొరలుగా రంగులద్దిన సూక్ష్మ రేణువులు. పేలుడు పదార్థాలను పేలిన తర్వాత కూడా గుర్తుపట్టేందుకు అమెరికాలో త్రీఎం సంస్థ 1970ల్లో వీటిని రూపొందించింది. రంగుల వరుసే సంకేతం. చిటికెడు పొడిని సూక్ష్మదర్శిని కింద చదివితే తయారీదారు తెలుస్తాడు. సంచికి ఒక చిటికెడు చాలు, తెల్లదనం చెడదు, పెయింటు అడ్డం కాదు. నమూనా మాత్రం గీకక తప్పదు. ఆరోగ్యం కోసం పెట్టే గుర్తుకు ఇది ఒంటరిగా చాలదు. ప్రయోగశాల దాకా వెళ్లలేని పనివాడికి సూక్ష్మరేణువు ఏమీ చెప్పదు. కళ్లకు కనిపించే రంగూ, ప్రయోగశాలకు దొరికే గుర్తూ రెండూ ఉంటేనే అందరికీ మేలు.

పాత కట్టడాల పద్ధతి

మరమ్మతును గుర్తుపట్టేలా ఉంచడం పురాతన కట్టడాల సంరక్షణలో ఎప్పటినుంచో నియమం. కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో కలిసిపోతూనే అసలు దానినుంచి వేరుగా తెలియాలని 1964 వెనిస్ ఒడంబడిక చెబుతుంది. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేపట్టిన పనిలో, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి డంగు సున్నంతో గచ్చు వేశారు. అక్కడ పాత పొరకూ కొత్త పొరకూ తేడా తేల్చే అవసరం అడుగడుగునా వస్తుంది. సిమెంటును సున్నం నుంచి వేరు చేయడం తేలికే. సున్నం మీది సున్నాన్ని వేరు చేయడానికి పని ఎక్కడ జరిగిందో రాసిపెట్టిన పత్రాలే దిక్కు.

గుర్తు లేని గోడను పరీక్షించడం

ఇప్పటికే ఉన్న గోడల్లో చాలావాటికి ఏ గుర్తూ లేదు. ముందు అతుకు ఎక్కడుందో వెతకాలి. బోర్డులు సాధారణంగా 1200 మిల్లీమీటర్ల వెడల్పు. గోడ మీద అయస్కాంతం నడిపితే స్క్రూల వరుస దొరుకుతుంది, ఆ వరుసల్లో జంటగా ఉన్నవి బోర్డు అంచులు. పక్కనుంచి దీపం వేసినా సన్నని ఉబ్బు కనిపించవచ్చు.

గీకిన పొడి మీద పలచని ఆమ్లం చుక్క వేస్తే, పొంగితే సున్నపురాయి పొడి ఉన్నట్టు, కదలకపోతే జిప్సం ఎక్కువని అర్థం. మన ఇళ్లలోని వైట్ సిమెంట్ లప్పం కూడా పొంగుతుంది, పాత సున్నమూ పొంగుతుంది కాబట్టి ఈ పరీక్ష మొదటి వడపోత మాత్రమే. పరారుణ వర్ణపటం సల్ఫేటునూ కార్బొనేటునూ విడివిడిగా చూపుతుంది, బంధకాన్ని కూడా పట్టిస్తుంది. ఎక్స్‌రే వివర్తనం ఏయే ఖనిజాలున్నాయో చెబుతుంది. ఆస్బెస్టాస్ కోసం ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని, మరీ సన్నని నారలకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వాడతారు.

నమూనా తీసే చోటును ముందు నీటితో తడపాలి. అతుకు మీదే, టేపు కిందిదాకా, అన్ని పొరలూ వచ్చేలా చిన్న ముక్క తీయాలి. బోర్డు ముక్కనూ లప్పం ముక్కనూ విడివిడి సంచుల్లో పెట్టి, ఏ గది, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు అన్నది రాయాలి. తీసిన గుంటను తడి గుడ్డతో తుడిచి వెంటనే మూసేయాలి. ఫలితం వచ్చేదాకా ఆ గోడను రుద్దకూడదు, కోయకూడదు.