తొమ్మిదవ ఆజ్ఞయు వార్తాపత్రికయు



1894లో ఫ్రాన్సు సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న డ్రేఫస్ అనే యూదుడు దేశద్రోహ నేరం మీద పట్టబడ్డాడు. విచారణ కాకముందే పత్రికలు తీర్పు చెప్పేశాయి. లా లిబ్ర్ పరోల్ అనే పత్రిక ఒక్కని మీది నేరాన్ని యూదులందరికీ అంటగట్టింది. దుఃఖకరమైన సంగతేమంటే, సిలువ అని పేరు పెట్టుకొన్న లా క్రువా అనే క్రైస్తవ పత్రిక కూడా అదే ద్వేషాన్ని అచ్చువేసింది. నిర్దోషి నాలుగేండ్లకు పైగా డెవిల్స్ దీవిలో మగ్గిపోయాడు.

1898 జనవరి 13న ఎమిల్ జోలా అనే రచయిత మరో పత్రికలో ఆ అన్యాయాన్ని బయటపెట్టాడు. 1906లో న్యాయస్థానం డ్రేఫస్‌ను నిర్దోషి అన్నది. లా క్రువా తన తప్పు ఒప్పుకొన్నది 1998లో!

యూదులు మనకు దూరస్థులు కారు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి. మన ప్రభువు శరీరరీతిగా యూదుడే.

కాబట్టి చర్ల సహోదరులారా, యూదులను గూర్చి గాని, అడవి దాటి మన మండలానికి వలస వచ్చినవారిని గూర్చి గాని "వాళ్లంతా అంతే" అని పేపర్లో చదివితే, సంతలో చెప్పకముందే ఆగండి. అబద్ధసాక్ష్యం వద్దన్న దేవుడు వ్రాసినవానినే కాదు, మోసినవానిని కూడా లెక్క అడుగుతాడు. ఆమేన్.